అవిసె: ఆకుకూరగా పెంపకంలో కోత విధానం

ఆకుకూరలు అనగానే మడులలో విత్తి నెల తిరగకముందే కోసుకొనే తోటకూర, పాలకూర, గోంగూరల వైపే దృష్టి పోతుంది. చెట్ల నుండి లభించే ఆకుకూరలలో మునగ ఒక్కటే ఇటీవలి కాలంలో విస్తరణ కార్యక్రమాలలో తగిన స్థానం పొందింది. పోషక విలువలలో మునగకు ఏమాత్రం తీసిపోని మరొక చెట్టు తెలుగు ప్రాంతాలలో తరతరాలుగా పెరుగుతున్నది. దేవాలయ ప్రాంగణాలలో, పెరళ్ళలో పూల కోసం, తమలపాకు తోటలలో తీగకు ఊతం కోసం పెంచే ఆ చెట్టు అవిసె. దీని ఆకు తినదగినదని తెలియనివారు తక్కువ. అయినా దీనిని ఒక పంటగా భావించి ఆకు కోసమే పెంచేవారు అంతకంటే తక్కువ.

ఇందుకు ఆకులోని స్వల్పమైన చేదు ఒక కారణం కావచ్చు. అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉన్నది. ఆకు కోసం పెంచే మునగను మీటరు ఎత్తున నరికితే నెల, నెలన్నర లోపల గుబురుగా చిగురిస్తుంది. అదే పద్ధతిని అవిసెకు వర్తింపజేస్తే మొక్క తరచుగా చనిపోతుంది. ఒకటి రెండు కోతలకే ఎండిపోయిన చెట్టును చూసిన గృహస్థు దానిని పనికిరానిదిగా తలచి మరల నాటడు. లోపం చెట్టుది కాదు, చెట్టు స్వభావాన్ని గమనించకుండా ఇచ్చిన సలహాది. పెరటి తోటల పెంపకంలో అవిసెను సిఫారసు చేయదలచిన విస్తరణ శాస్త్రవేత్తలు ముందుగా గ్రహించవలసిన విషయం ఇదే.

చెట్టు స్వభావం

అవిసె శాస్త్రీయ నామం సెస్బానియా గ్రాండిఫ్లోరా. చిక్కుడు కుటుంబమైన ఫాబేసికి చెందిన ఈ చెట్టు, పచ్చిరొట్ట పైరుగా మన రైతులకు సుపరిచితమైన జీలుగకు దగ్గరి బంధువు. లిన్నేయస్ 1753లో దీనిని రొబీనియా ప్రజాతిలో చేర్చాడు. అనంతరం ఇది కొంతకాలం అగటి అనే ప్రజాతిగా కూడ వ్యవహరింపబడినది. ఆ పేరు ఐరోపా వృక్షశాస్త్రజ్ఞులు కల్పించినది కాదు. 17వ శతాబ్దంలో మలబారు తీరపు మొక్కలను వర్ణిస్తూ వెలువడిన హోర్టస్ మలబారికస్ గ్రంథం ద్వారా దక్షిణ భారతపు నోటిమాటే శాస్త్రంలోకి ప్రవేశించింది. తమిళులు నేటికీ దీనిని అగత్తి అంటారు. సంస్కృతంలో దీనికి అగస్త్యమనీ, మునిద్రుమమనీ పేర్లు. శరత్కాలంలో అగస్త్య నక్షత్రం ఉదయించే వేళకు పూతకు వస్తుంది గనుక ఆ పేరు వచ్చిందని సంప్రదాయ వివరణ.

చెట్టు జన్మస్థానం ఇండోనేషియా పరిసర ద్వీపాలని అధికుల అభిప్రాయం. సాధారణంగా 8 నుండి 10 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. కాండం నిటారుగా, కలప మెత్తగా, కొమ్మలు పలుచగా ఉంటాయి. ఆకు 15 నుండి 30 సెంటీమీటర్ల పొడవు గల సంయుక్త పత్రం. ఒక్కొక్క ఆకులో పది నుండి ఇరవై పైచిలుకు జతల చిన్న పత్రకాలు ఉంటాయి. పువ్వు 5 నుండి 10 సెంటీమీటర్ల పొడవు ఉండి కొడవలి వలె వంగి కనిపిస్తుంది. తెలుపు పూల రకం, ఎరుపు పూల రకం రెండూ ఉన్నాయి. అలంకరణ చెట్టుగా దీనికి వచ్చిన గుర్తింపు ఈ పూల వల్లనే. కాయలు సన్నగా 20 నుండి 60 సెంటీమీటర్ల పొడవున వేలాడుతూ ఉంటాయి.

ఈ చెట్టుకు ఉన్న విశేష గుణం తొలిదశలోని వేగం. అనుకూల పరిస్థితులలో విత్తిన ఏడాదికే నాలుగైదు మీటర్ల ఎత్తుకు చేరుతుంది. వేరు బుడిపెలలోని రైజోబియం సహాయంతో నత్రజనిని స్థిరీకరించుకొంటుంది. నీరు నిలిచే బరువు నేలలను, కొంతమేరకు చౌడును కూడ తట్టుకొంటుంది. ఎనిమిది వందల మిల్లీమీటర్ల వర్షపాతం గల ప్రాంతాలలో దీర్ఘమైన ఎండకాలాన్ని ఓర్చుకొని బతుకుతుంది. తట్టుకోలేనిది చలిని, బలమైన గాలిని. కలప పెళుసు గనుక తుపాను తాకిడి గల తీర ప్రాంతాలలో ఇల్లు, పశువుల పాకల మీదికి ఒరిగే చోట నాటరాదు. త్వరగా పెరిగే చెట్లు చాలావాటి వలె దీని ఆయుర్దాయం కూడ తక్కువ. ఇరవై ఏళ్ళకు మించి నిలిచే చెట్లు అరుదు.

పేరుతో వచ్చే చిక్కు

సాగు విషయంలోకి వెళ్ళే ముందు ఒక చిన్న హెచ్చరిక అవసరం. మార్కెట్లో ‘అవిసె గింజలు’ అని అమ్మేవి ఈ చెట్టు విత్తనాలు కావు. అవి మదనగింజలు అని కూడ పిలిచే నూనెగింజ పంటకు చెందినవి. ఆ మొక్క శాస్త్రీయ నామం లైనమ్ యూసిటాటిసిమమ్. రెండు మొక్కలకు వృక్షశాస్త్రపరంగా ఏ సంబంధమూ లేదు. ఇదే గందరగోళం కన్నడంలోనూ ఉన్నది. అక్కడ అగసె అనే మాట రెంటికీ వర్తిస్తుంది. కరపత్రాలలో, రేడియో ప్రసంగాలలో ‘అవిసె విత్తనాలు నాటండి’ అని చెప్పినపుడు కిరాణా దుకాణం నుండి మదనగింజలు తెచ్చి చల్లే అవకాశం నిజంగానే ఉన్నది. మదనగింజ బల్లపరుపుగా, నున్నగా మెరుస్తూ ఒక కొస సన్నగా ఉంటుంది. అవిసె చెట్టు విత్తనం చిన్న చిక్కుడు గింజ ఆకారంలో, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. ‘అవిసె చెట్టు’ అనీ, ‘తమలపాకు తోటల అవిసె’ అనీ స్పష్టంగా చెప్పడం మేలు.

పోషక విలువలను చదివే తీరు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు, 2017 నాటి కొత్త పట్టికలకు ముందు దీర్ఘకాలం వాడుకలో ఉన్నవి, అవిసె ఆకును గురించి ఆసక్తికరమైన అంకెలను ఇస్తున్నాయి. నూరు గ్రాముల పచ్చి ఆకులో మాంసకృత్తులు 8.4 గ్రాములు, కాల్షియం 1,130 మిల్లీగ్రాములు, ఇనుము 3.9 మిల్లీగ్రాములు, కెరోటిన్ 5,400 మైక్రోగ్రాములు, విటమిన్ సి 169 మిల్లీగ్రాములు. అదే పట్టికలో మునగాకుకు మాంసకృత్తులు 6.7 గ్రాములు, కాల్షియం 440 మిల్లీగ్రాములు, కెరోటిన్ 6,780 మైక్రోగ్రాములు, విటమిన్ సి 220 మిల్లీగ్రాములు. తోటకూరకు ఇవి వరుసగా 4 గ్రాములు, 397 మిల్లీగ్రాములు, 5,520 మైక్రోగ్రాములు, 99 మిల్లీగ్రాములు.

ఈ అంకెలను యథాతథంగా పక్కపక్కన ఉంచి ‘తోటకూర కంటే అవిసెలో రెట్టింపు మాంసకృత్తులు’ అని ప్రచారం చేయడం శాస్త్రీయం కాదు. తోటకూరలో నూటికి దాదాపు 86 పాళ్ళు నీరే. అవిసె ఆకులో నీరు 73 పాళ్ళు. అనగా నూరు గ్రాముల తోటకూరలో పొడి పదార్థం 14 గ్రాములైతే, అదే బరువు గల అవిసె ఆకులో దాదాపు 27 గ్రాములు. పొడి పదార్థం ప్రాతిపదికన లెక్కిస్తే మాంసకృత్తులు అవిసెలో 31 శాతం, తోటకూరలోనూ మునగలోనూ సుమారు 28 శాతం. తేడా ఉన్నది, కాని రెట్టింపు కాదు. కెరోటిన్ విషయంలోనైతే క్రమం తిరగబడుతుంది. ఒక గ్రాము పొడి పదార్థానికి తోటకూరలో సుమారు 386 మైక్రోగ్రాములు, మునగలో 281, అవిసెలో 200. అవిసె నిజమైన ఆధిక్యం కాల్షియంలో ఉన్నది. పొడి పదార్థంలో దాదాపు 4.2 శాతం కాల్షియమే. తోటకూరలో ఇది 2.8, మునగలో 1.8 శాతం. పట్టికలోని కాల్షియం అంతా దేహానికి అందుతుందని కూడ భావించరాదు. ఆకుకూరలన్నిటికీ ఈ పరిమితి వర్తిస్తుంది. అయినప్పటికీ, పాలు అంతగా వాడని కుటుంబాల ఆహారంలో అవిసె ఆకుకు ఒక ప్రత్యేక స్థానం ఉన్నదని ఈ అంకెలు సూచిస్తున్నాయి.

వాడకం మనకు కొత్త కాదు. ఏకాదశి ఉపవాసం తరువాత ద్వాదశి పారణలో అవిసె ఆకును తప్పక వండే ఆచారం వైష్ణవ, మాధ్వ కుటుంబాలలో నేటికీ ఉన్నది. పెసరపప్పుతో కలిపి వండినా, పచ్చి కొబ్బరి వేసి వేపుడు చేసినా చేదు తగ్గుతుంది. లేత ఆకును ఎంచుకొని ఈనెను తీసివేయడం, ఎక్కువ నీటిలో ఉడికించి పారబోయకుండా ఉండడం మంచిది. పారబోసిన నీటితో చేదు పోతుంది గాని విటమిన్ సి కూడ పోతుంది. పూలను వండేటప్పుడు నడిమి కేసరాలను తొలగిస్తారు. చేదు అధికంగా ఉండేది అక్కడే. థాయిలాండులో పులుసు కూరలలో, జావాలో వేరుశనగ ముద్దతో కలిపి తినే కూరగాయలలో ఈ పూలు నిత్య వినియోగంలో ఉన్నాయి.

కత్తి ఎక్కడ ఆగాలి

నరికిన చెట్టు తిరిగి చిగురించడానికి రెండు వనరులు కావాలి. మొదటిది, మిగిలిన కాండంపై సజీవంగా ఉన్న నిద్రాణ మొగ్గలు. రెండవది, ఆ మొగ్గలు ఆకులుగా విచ్చుకొని స్వయంగా ఆహారం తయారు చేసుకొనే వరకు పోషించగల పిండిపదార్థపు నిల్వ. మునగలో ఈ రెండూ సమృద్ధిగా ఉంటాయి. ఉబ్బిన వేరు, రసవంతమైన కాండం నిల్వకు తోడ్పడతాయి. గ్లైరిసిడియా, సుబాబుల్ వంటి చెట్లు కూడ మొదలు నుండి పదేపదే చిగురిస్తాయి. అవిసె తీరు వేరు. దీని శక్తి అంతా పైకి ఎదగడంపైనే కేంద్రీకృతమై ఉంటుంది. ముదిరిన కాండం నుండి చిగుళ్ళు బలహీనంగా వస్తాయి. పచ్చని ఆకు ఏమాత్రం మిగలకుండా నరికినపుడు మొక్క నిల్వలపైనే ఆధారపడవలసి వస్తుంది. అది చాలనప్పుడు వేరు కుళ్ళి చెట్టు చనిపోతుంది. ఇండోనేషియాలో నాలుగు పశుగ్రాసపు చెట్లను ఒకే విధంగా తరచుగా నరికి పోల్చిన పరీక్షలలో సుబాబుల్, గ్లైరిసిడియా, కాలియాండ్రాలు కోలుకొన్నా అవిసె వెనుకబడిపోవడానికి కారణం ఇదే.

అయితే అదే ఇండోనేషియాలో లంబోక్ ద్వీపపు రైతులు వరి గట్ల మీద అవిసెను వరుసలుగా నాటి ఏళ్ళ తరబడి పశువులకు మేత కోసుకొంటున్నారు. వారి పద్ధతి సులభమైనది. ప్రధాన కాండాన్ని ముట్టుకోరు. కింది నుండి పైకి పక్క కొమ్మలను మాత్రమే తీసుకొంటూ, తలపై ఆకుల గుత్తిని వదిలివేస్తారు. నీడ పలుచన గనుక వరికి జరిగే నష్టం కూడ పరిమితం.

దీని కోసం లంబోక్ వరకు వెళ్ళనక్కరలేదు. పొన్నూరు, చేబ్రోలు ప్రాంతాల తమలపాకు తోటల రైతులు ఇదే సూత్రాన్ని పాటిస్తున్నారు. తీగ నాటడానికి కొన్ని నెలల ముందుగానే చాళ్ళలో అవిసె విత్తి, మొక్కలు నిలదొక్కుకొన్న తరువాత వాటి పక్కన తమలపాకు తీగలను నాటుతారు. తీగ ఎగబాకుతున్న కొద్దీ దానిని అరటి నారతోనో జమ్ముతోనో అవిసె కాండానికి కట్టుకొంటూ వస్తారు. తీగకు చెదిరిన వెలుతురు కావాలి. నీడ ఎక్కువైతే తెగుళ్ళు పెరుగుతాయి, తక్కువైతే ఆకు మాడుతుంది. అందువల్ల పక్క రెమ్మలను ఎప్పటికప్పుడు తీసివేస్తూ, సుమారు నాలుగు మీటర్ల ఎత్తున తల తుంచి, పైన ఒక గొడుగును మాత్రం ఎల్లప్పుడూ నిలుపుతారు. ఊతం చచ్చిపోతే తీగ కూడ నేలకొరుగుతుంది. కనుక చెట్టును బతికించుకొంటూ కోయడం వారికి వృత్తిధర్మమైంది. ఆ తోటలలో పనిచేసే కూలీల చేతిలో ఉన్న ఈ నేర్పును ఆకుకూర సాగుకు మళ్ళించుకొనే ప్రయత్నం జరగవలసినంతగా జరగలేదు. తమలపాకు సాగు తగ్గుతున్న చోట్ల దానితోపాటే ఈ నేర్పు కూడ కనుమరుగవుతుంది.

పెరటి సాగుకు ఈ అనుభవాల నుండి తేలే పద్ధతి ఇది. మొక్క మీటరు ఎత్తుకు చేరి కాండం ఇంకా పచ్చగా ఉన్నపుడే కొనను గోటితో తుంచాలి. దిగువన ఆకులు ఉన్నందువల్ల పక్క కొమ్మలు తేలికగా వస్తాయి. తరువాత ఎన్నడూ ఒకేసారి ఆకంతా దూయరాదు. ప్రతి కోతలో కింది కొమ్మల ఆకును తీసుకొని పైనున్న మూడవ వంతు ఆకును వదలాలి. రెండు కోతల మధ్య కొత్త కొమ్మ నిండుగా విప్పారేంత వ్యవధి ఇవ్వాలి. మండు వేసవిలో నీటి తడి లేనపుడు కోతను ఆపివేయడమే ఉత్తమం. చెట్టు అందనంత ఎత్తుకు పోయిందని మొదలు నరకడం కంటే దోటితో పక్క రెమ్మలను లాగడం మంచిది. అదీ సాధ్యం కానపుడు ఆ చెట్టును పూలకు, విత్తనానికి వదిలి కొత్త మొక్కను నాటుకోవాలి.

ఇక్కడ ఒక దృక్పథపు మార్పు అవసరం. అవిసెను ముప్పై ఏళ్ళు నిలిచే చెట్టుగా కాక, మూడు నాలుగేళ్ళ ఆకుకూర పంటగా పరిగణించడం సమంజసం. కుటుంబానికి నాలుగైదు మొక్కలు చాలు. వాటిని ఒకే ఏడాది కాక, ప్రతి తొలకరికి ఒకటి రెండు చొప్పున కంచె వెంబడి మీటరున్నర దూరంలో విత్తుకొంటే ఏ కాలంలోనైనా అందే ఎత్తులో లేత ఆకు ఉంటుంది. విత్తనాలను ఒక రాత్రి నీటిలో నానబెట్టి నేరుగా నాటవచ్చు. వేరు కదిలితే దెబ్బతినే స్వభావం ఉన్నందున సంచులలో పెంచిన మొక్కలను చిన్నవిగా ఉండగానే నాటాలి. మొదటి రెండు నెలలు కలుపు నుండి, మేకల నుండి కాపాడుకోవాలి. మేకలకు ఇది ఎంత ఇష్టమైన మేత అంటే, కంచె లేనిచోట ఈ సలహాలన్నీ వ్యర్థం.

జాగ్రత్తలు

అవిసెకు వేరుముడి పురుగుల బెడద ఉన్నది. వంగ, టమాట, బెండ పెంచే మడుల పక్కనే దీనిని నాటితే నులిపురుగులు ఒకదాని నుండి మరొకదానికి వ్యాపిస్తాయి. కాండాన్ని తొలిచే ముక్కు పురుగు, కాండం తొలుచు గొంగళి కూడ ఆశిస్తాయి. కాండంపై ఉబ్బులు, రంధ్రాల నుండి రాలే రంపపు పొట్టు కనిపించిన లేత మొక్కలను పీకి కాల్చివేయడం తప్ప పెరటి స్థాయిలో వేరే మార్గం లేదు. ఆకు కోసం పెంచే చెట్టుపై అంతర్వాహిక మందుల వాడకాన్ని సిఫారసు చేయరాదు.

తమలపాకు తోటల నుండి వచ్చే అవిసె కొమ్మల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తీగకు సోకే ఎండుతెగులు నివారణకు బోర్డో మిశ్రమం వంటి మందులు ఆ తోటలలో వాడతారు. మందు చల్లిన తోటలో కొట్టిన కొమ్మల ఆకు వంటకుగాని పశువులకుగాని తగదు. పిచికారీకి ముందే అవిసె కొమ్మలను తొలగించుకొనేలా రైతుకు చెప్పడం సులభమైన పరిష్కారం.

పశువులకు, మేకలకు అవిసె ఆకు మంచి మాంసకృత్తుల మేత. అయితే ఆ ఒక్క కారణంతో కోళ్ళ దాణాలో కలపడం ప్రమాదకరం. నెమరువేసే జంతువుల జీర్ణవ్యవస్థ తట్టుకొనే పదార్థాలు కోడిపిల్లలకు ప్రాణాంతకమైనట్లు పరీక్షలలో వెల్లడైంది. పెరటి కోళ్ళను, పెరటి ఆకుకూరలను ఒకే కార్యక్రమం కింద ప్రోత్సహించే సిబ్బంది ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

విద్యార్థులు అవిసెపై కోత పరీక్షలు రూపొందించేటప్పుడు ఒక పొరపాటుకు అవకాశం ఉన్నది. మొదటి కోతలో మొదలంటా నరికిన మొక్కల నుండే అధిక దిగుబడి వస్తుంది. కారణం, చెట్టు మీద ఉన్న ఆకంతా ఆ ఒక్క కోతలోనే లెక్కకు వస్తుంది. ఆరు నెలల తరువాత అదే మడిలో సగం మొక్కలు లేకపోయినా, మిగిలిన మొక్కల సగటును మాత్రమే లెక్కిస్తే ఆ నష్టం కనిపించదు. అందువల్ల దిగుబడిని మొక్కకు గాక మడికి లెక్కించాలి. ప్రతి కోత నాటికి బతికి ఉన్న మొక్కల సంఖ్యను విడిగా నమోదు చేయాలి. పరీక్షను కనీసం రెండు వేసవులు దాటే వరకు కొనసాగించాలి. కోసిన ఎత్తుతో పాటు, కోత తరువాత చెట్టుపై మిగిల్చిన ఆకు పరిమాణాన్ని కూడ ఒక అంశంగా తీసుకోవాలి. మీటరు ఎత్తున నరికి ఆకు మిగిల్చిన మొక్కకు, అదే ఎత్తున నరికి మోడుగా వదిలిన మొక్కకు మధ్య గల తేడా అప్పుడే అంకెలలో తేలుతుంది.